సూర్యుడికి స్విచ్ లేదు!
ట్రాక్టరు బ్యాటరీ నుంచి సోలార్ పార్కు దాకా... పావగడ పల్లెల్లో 'డీసీ' పాఠం

పావగడ: పొద్దున్నే శెనక్కాయ చేనికి పోదామని రైతు ట్రాక్టరు ఎక్కాడు. తాళం తిప్పితే 'టక్' మని ఒక్క శబ్దం. అంతే... ఇంజను కదల్లేదు. చుట్టూ చేరిన నలుగురూ నాలుగు నిమిషాల్లో తీర్పు చెప్పేశారు. 'బ్యాటరీ పోయింది మామా... కొత్తది ఎత్తుకురా' అని. వేలు పెట్టి కొత్తది తెచ్చి బిగించినా రెండు నెలలకు మళ్లీ అదే 'టక్'. ఇంతకీ రోగం బ్యాటరీలో లేదు. టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పూతలో ఉంది. వేడినీళ్లు పోసి, ఉప్పుకాగితంతో రుద్ది, గట్టిగా బిగిస్తే పది రూపాయల్లో తేలిపోయేది.

పావగడ తాలూకాలో ఏ మెకానిక్ షెడ్డుకు వెళ్లినా ఇలాంటి కథలు వినిపిస్తాయి. విచిత్రం ఏమిటంటే, తాళం తిప్పితే 'టక్' మనే ఈ ఊళ్ల పక్కనే దేశంలోని అతి పెద్ద సోలార్ పార్కుల్లో ఒకటి ఉంది. తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు... ఐదు గ్రామాల పరిధిలో సుమారు 13 వేల ఎకరాల్లో పలకలు పరచుకున్నాయి. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరికి 2,050 మెగావాట్ల పూర్తి సామర్థ్యానికి చేరింది. ఆ పలకల్లో పుట్టేది ట్రాక్టరు బ్యాటరీలో ఉండే కరెంటే. అదే డీసీ. పుస్తకాల భాషలో ఏకముఖ విద్యుత్తు. అక్కడ 12 వోల్టులు, ఇక్కడ వెయ్యి వోల్టులు. సూత్రం ఒకటే, ప్రమాదం మాత్రం ఒకటి కాదు.

చెర్వుల్లేని 'చెర్లు'

పావగడ పేరుకు కర్ణాటకలోని తుమకూరు జిల్లా. మూడు వైపులా పాత అనంతపురం జిల్లా. ఇళ్లలో తెలుగు, బళ్లో కన్నడ, కచేరీలో కన్నడ, సంతలో రెండూ. ఊళ్ల పేర్ల చివర ఉన్న 'చెర్లు' చూస్తేనే తెలుగు తెలిసిపోతుంది. ఆ చెరువుల్లో నీళ్లు ఏనాడు నిండుగా ఉన్నాయో పెద్దవాళ్లు లెక్కపెట్టి చెప్పాల్సిందే. కరువుకు ఓర్వలేకే రైతులు భూములను పార్కుకు లీజుకు ఇచ్చారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు... ఇదీ ఒప్పందం. భూమి ఉన్నవారికి కౌలు వచ్చింది. భూమి లేని కూలీలకు మాత్రం ఆ పొలాల్లో దొరికే పని పోయింది.

పార్కులో స్థానికులకు ఎక్కువగా దొరికినవి కాపలా, గడ్డి కోత, పలకలు తుడిచే పనులు. మీటరు పట్టుకుని తిరిగే టెక్నీషియన్ పనికీ, చీపురు పట్టుకునే పనికీ జీతంలో తేడా ఎంతో ఉంది. ఆ తేడాను దాటించే చదువు మరీ పెద్దదేం కాదు. పదో తరగతి భౌతికశాస్త్రంలో మూడు పాఠాలు, చేతిలో ఒక మల్టీమీటరు, తప్పు చేస్తే చెప్పే మేస్త్రి. ఈ మూడూ ఒకే చోట దొరకడమే కష్టం.

భాషా ఒక తిరకాసే. బళ్లో పిల్లాడు 'సరణి జోడణె' అని చదువుతాడు. సరిహద్దు దాటి మడకశిరలో చదివే మేనమామ కొడుకు దాన్నే 'శ్రేణి సంధానం' అంటాడు. షెడ్డులో మేస్త్రి 'సీరీస్' అంటాడు. కన్నడంలో 'రోధ', తెలుగులో 'నిరోధం', షెడ్డులో 'రెసిస్టెన్సు'. మూడూ ఒకటేనని ఎవరో ఒకరు చెప్పేదాకా పిల్లాడికి అవి మూడు వేరే వస్తువులు. చెప్పాక మాత్రం దారి సులువు. మీటరులో అంకెలకు భాష లేదు కదా!

వోల్టు వేరు... ఆంపియరు వేరు

షెడ్డుల్లో మొదట దొర్లే తప్పు మాటల్లోనే. 'కరెంటు ఉందా?' అని అడిగి వోల్టులు చూస్తారు. తొట్టిలో నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో అది వోల్టు. గొట్టంలో ఎన్ని నీళ్లు పారుతున్నాయో అది ఆంపియరు. గొట్టం ఎంత ఇరుకో అది ఓము. కొళాయి కట్టేసినా తొట్టిలో నీళ్లు ఉంటాయి. అలాగే వోల్టు ఉన్నంత మాత్రాన కరెంటు పారుతున్నట్టు కాదు. జర్మనీకి చెందిన జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ఈ మూడింటికీ కట్టిన లెక్క ఒక్కటే. వోల్టులను ఓములతో భాగిస్తే ఆంపియర్లు. దీనికి మించిన సూత్రం ట్రాక్టరు మరమ్మతులో అక్కర్లేదు.

ఉదాహరణకు 12 వోల్టుల ట్రాక్టరుకు 60 వాట్ల హెడ్‌లైటు బల్బు ఉందనుకుందాం. 60ని 12తో భాగిస్తే 5 ఆంపియర్లు. అంటే వెలుగుతున్న బల్బు నిరోధం 2.4 ఓములు. ఇప్పుడు బల్బు ఎర్తు వైరు తుప్పుపట్టి అక్కడ ఇంకో 0.6 ఓములు చేరాయి. మొత్తం 3 ఓములు. కరెంటు 4 ఆంపియర్లకు పడిపోయింది. బల్బుకు అందేది 9.6 వోల్టులే. మిగతా 2.4 వోల్టులు ఆ తుప్పు తినేసింది. 60 వాట్ల బల్బు 38 వాట్లకు దిగి మినుకుమినుకుమంటోంది. తుప్పు దగ్గర దాదాపు పది వాట్ల వేడి పుడుతోంది. వేలు పెడితే చురుక్కుమంటుంది. (వెలుగు తగ్గితే ఫిలమెంటు నిరోధమూ కొంత మారుతుంది. లెక్క తేలిక కోసం దాన్ని వదిలేద్దాం.)

ఇక్కడే అసలు కిటుకు ఉంది. బల్బు తీసేసి హోల్డరులో మీటరు పెడితే నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది! ఎందుకంటే మామూలు డిజిటల్ మీటరు లోపలి నిరోధం కోటి ఓముల దాకా ఉంటుంది. దాని గుండా పారే కరెంటు దాదాపు సున్నా. కరెంటు లేనప్పుడు తుప్పు ఏమీ తినదు. అందుకే 'పన్నెండు వస్తా ఉంది, బల్బే చెడిపోయింది' అని కొత్త బల్బు వేస్తారు. అదీ మినుకుమంటుంది. పాత మేస్త్రీలు మీటరుకన్నా టెస్టు ల్యాంపును ఎక్కువగా నమ్మేది ఇందుకే. అది కరెంటు తాగి మరీ చెబుతుంది.

మీటరుతోనే చూడాలంటే పద్ధతి ఉంది. లైటు వెలుగుతుండగానే, ఒక ముల్లు బ్యాటరీ నెగిటివ్ టెర్మినల్ మీద, రెండో ముల్లు బల్బు ఎర్తు వైరు కొస మీద పెట్టాలి. మంచి దారి అయితే సున్నాకు దగ్గరగా చూపాలి. రెండు వోల్టులు చూపిందంటే దొంగ ఆ మధ్యలోనే ఉన్నాడు. ముల్లును ఒక్కో బోల్టు దాటిస్తూ వస్తే ఎక్కడ అంకె ఠక్కున పడిపోతుందో అక్కడే తుప్పు. వైర్లన్నీ విప్పాల్సిన పని లేదు.

స్టార్టరుకు ఇదే లెక్క ఇంకా కఠినం. అది లాగేది ఐదు ఆంపియర్లు కాదు, రెండు వందలు, అంతకుమించి. టెర్మినల్ పూతలో 0.02 ఓములు ఉన్నా 4 వోల్టులు అక్కడే హరీ. మిగిలిన 8 వోల్టులతో ఇంజను ఏం తిరుగుతుంది? 'టక్' మంటుంది. లైట్లు మాత్రం బాగానే వెలుగుతాయి. ఈ ఒక్క గుర్తు తెలిస్తే ఎన్ని బ్యాటరీలు బతికేవో!

ఇంజను ఆపి రెండు మూడు గంటలయ్యాక బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు. 12కు వస్తే అడుగంటినట్టే. ఇంజను నడుస్తున్నప్పుడు 14 దరిదాపుల్లో ఉండాలి. అప్పుడూ 12 దగ్గరే ఉంటే ఛార్జింగే లేదు, డైనమో వైపు చూడాలి. టెర్మినల్ విప్పేటప్పుడు మొదట నెగిటివ్ తీయాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. ట్రాక్టరు బాడీ అంతా నెగిటివే కాబట్టి, పాజిటివ్ మీద ఉన్న పానా బాడీకి తగిలితే నిప్పుల వానే.

సగం దగ్గర చెయ్యి పెట్టు

చెడిపోయిన చోటు వెతకడంలో తెలివి వరసగా వెతకడంలో లేదు. బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్, వైరు, కనెక్టరు, బల్బు... ఇలా ఎనిమిది చోట్లుంటే మొదటి నుంచి చూసుకుంటూ పోతే ఎనిమిదో చోట దొరకొచ్చు. మధ్యలో స్విచ్ దగ్గర పెట్టి చూస్తే ఒక్క దెబ్బకు సగం తేలిపోతుంది. కరెంటు అక్కడికి వచ్చిందంటే తప్పు అవతల, రాలేదంటే ఇవతల. మళ్లీ మిగిలిన సగంలో సగం. ఎనిమిది చోట్లకు మూడు పరీక్షలు చాలు.

షెడ్డులో ఇలాంటి సంభాషణ రోజూ ఉండేదే.

'ఫ్యూజు పోయిందన్నా, ఇంకోటి ఏస్తా.'

'ఏస్తావు సరే... ఎందుకు పోయిందప్పా?'

'తెల్దన్నా.'

'తెల్దంటే ఇంగోటి కూడా పోతాది. ముందు యాడ షాటు అయిందో చూడు పో.'

ఫ్యూజు పోయిన చోట రాగి పోగు చుట్టడం, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం దోపడం ఊళ్లలో మామూలే. పది ఆంపియర్లకు తెగాల్సింది తెగదు. ఫ్యూజు బదులు వైరు మండుతుంది. వైరు పక్కనే డీజిలు గొట్టం ఉంటుంది.

పందుల నుంచి చేను కాపాడే 'ఝట్కా' మిషనూ డీసీ బళ్లో ఇంకో పాఠమే. 12 వోల్టుల బ్యాటరీ నుంచి సెకనుకో ఒకటి చొప్పున వేల వోల్టుల చిటికె వదులుతుంది. తీగకు గడ్డి తగిలినా, రాతి కూసానికి ఆనుకున్నా దెబ్బ భూమిలోకి జారిపోతుంది. మిషను చెడిందని పట్టణానికి మోసుకుపోయే ముందు తీగ విప్పి మిషనును ఒంటరిగా చూడాలి. అది బాగుంటే తప్పు చేనులో ఉన్నట్టు. కరెంటు స్తంభం నుంచి కంచెకు నేరుగా లైను తగిలించేవారి సంగతి వేరు. అది నేరం, హత్యతో సమానం. మనుషులూ పశువులూ పోతున్నా ఆ అలవాటు పోవడం లేదు.

పన్నెండు వోల్టుల ధైర్యం పనికిరాదు

ట్రాక్టరు దగ్గర రాటుదేలిన కుర్రాడు సోలార్ పలకల దగ్గరికి వెళ్లినప్పుడు అతని అనుభవమే అతనికి శత్రువు కావొచ్చు. 12 వోల్టుల తీగను ఒట్టిచేత్తో పట్టుకున్న చెయ్యి అది. పెద్ద పార్కుల్లో ఇరవై దాకా పలకలను శ్రేణిలో కలుపుతారు. దాన్ని 'స్ట్రింగు' అంటారు. 72 సెల్లులున్న పలక ఒక్కొక్కటి 45 వోల్టులనుకుంటే ఇరవైకి 900. కొన్ని చోట్ల 1,500 దాకా పోతుంది. కరెంటు మాత్రం తొమ్మిది ఆంపియర్ల చిల్లరే. ఆ తొమ్మిదే చాలు ప్రాణం తీయడానికి.

ఇంట్లో ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వచ్చి పోతుంది. స్విచ్ తీసినప్పుడు పుట్టే నిప్పురవ్వ ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. డీసీకి సున్నా అంటూ లేదు. లోడు నడుస్తుండగా కనెక్టరు ఊడబెరికితే గాలిలోనే నిప్పు వంతెన కడుతుంది. లాగేకొద్దీ సాగుతుంది. ప్లాస్టిక్ కరుగుతుంది, చెయ్యి కాలుతుంది. ఇంట్లో వాడే ఏసీ స్విచ్ తెచ్చి సోలార్ లైనుకు పెడితే లోపలే అతుక్కుపోవడమో, అంటుకోవడమో ఖాయం.

రెండో తేడా ఇంకా మోసకారి. బ్యాటరీని షార్టు చేస్తే వందల ఆంపియర్లు వచ్చి ఫ్యూజు తెగుతుంది. పలకను షార్టు చేస్తే? మామూలుగా ఇచ్చేదానికన్నా కాస్త ఎక్కువ... అంతే. తొమ్మిది ఆంపియర్ల పలకకు 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టారనుకోండి, ఒక్క స్ట్రింగులో షార్టు అయితే అది తెగనే తెగదు. పక్క స్ట్రింగులన్నీ కలిసి చెడిన స్ట్రింగులోకి కరెంటు తోస్తే అప్పుడు తెగడానికి పెట్టిన ఫ్యూజు అది. 'ఫ్యూజు బాగుంది కాబట్టి లైను బాగుంది' అన్న ట్రాక్టరు తర్కం ఇక్కడ చెల్లదు.

అన్నిటికీ మించి, బ్యాటరీకి టెర్మినల్ విప్పొచ్చు. ఇంటికి మెయిన్ దించొచ్చు. పలకకు వెలుతురు తగిలినంత సేపూ కొసల్లో వోల్టులుంటాయి. ఇన్వర్టరు ఆపినా ఉంటాయి. సూర్యుణ్ని ఎవరు ఆపుతారు?

మీటరు అబద్ధం ఆడదు... మనమే తప్పు ప్రశ్న అడుగుతాం

ఇంటి పనులకు వాడే మామూలు క్లాంపు మీటరు ఏసీని మాత్రమే చూస్తుంది. దాన్ని డీసీ తీగకు పట్టిస్తే సున్నా చూపిస్తుంది. 'కరెంటు పారడం లేదు' అనుకుని కనెక్టరు లాగితే చెప్పొచ్చేదేముంది! డీసీ చూడాలంటే హాల్ సెన్సరు ఉన్న క్లాంపు కావాలి, గుండీ డీసీ వైపు తిప్పాలి. మల్టీమీటరుకూ ఇలాంటి గండమే ఉంది. ఎర్ర వైరును ఆంపియర్ల రంధ్రంలో మరిచిపోయి వోల్టులు చూడబోతే మీటరే షార్టు తీగ అవుతుంది. 12 వోల్టుల దగ్గర మీటరు ఫ్యూజు పోతుంది. 900 దగ్గర చేతిలోనే పేలొచ్చు. చవక మీటరు మీద '1000 వీ' అని ముద్ర ఉంటుంది కానీ లోపల అంత సత్తా ఉండదు.

ఎండాకాలంలో కొత్తవాళ్లను తికమకపెట్టే సంగతి ఇంకోటి. ఎండ ఎక్కువైతే వోల్టులు పెరగాలి కదా అనుకుంటారు. కానీ పలక వేడెక్కేకొద్దీ వోల్టులు తగ్గుతాయి, డిగ్రీకి దాదాపు 0.3 శాతం చొప్పున. పలక మీద రాసేది 25 డిగ్రీల దగ్గరి లెక్క. ఏప్రిల్ మధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు కాగితే 12 శాతం పోయి 45 కాస్తా నలభైకి దిగుతుంది. అది రోగం కాదు, ఎండ. అదే 45 రావాల్సిన చోట 30 వస్తే మాత్రం రోగమే. పలక వెనక పెట్టెలో మూడు డయోడ్లుంటాయి. అందులో ఒకటి షార్టు అయితే మూడో వంతు సరిగ్గా మాయమవుతుంది. కొంచెం తగ్గితే వేడి, దుమ్ము, నీడ. లెక్కగా మూడో వంతు తగ్గితే డయోడు.

ఎర్తు ఫాల్టు వెతకడం అన్నిటికన్నా ముచ్చటైన పని. ఎలుక కొరికో, రాయి రాసుకునో వైరు తొక్క పోయి ఇనుప చట్రానికి తగిలింది. ఇరవై పలకల్లో ఎక్కడని విప్పుతాం? ఇన్వర్టరు ఆపి, ఆ స్ట్రింగును విడదీసి, పాజిటివ్ కొస నుంచి భూమికి ఎన్ని వోల్టులో, నెగిటివ్ కొస నుంచి భూమికి ఎన్ని వోల్టులో చూస్తారు. పాజిటివ్ వైపు 270, నెగిటివ్ వైపు 630 వచ్చాయనుకుందాం. రెండూ కలిపితే 900, సరిపోయింది. 270ని 45తో భాగిస్తే 6. అంటే పాజిటివ్ వైపు నుంచి ఆరో పలకకూ ఏడో పలకకూ మధ్య వైరు చూడాలి. రెండే అంకెలు, ఒక్క భాగహారం! చేతికి వెయ్యి వోల్టుల తొడుగులు, పక్కన ఇంకో మనిషి, శిక్షణ పొందిన చెయ్యి... ఇవి లేకుండా మాత్రం ఈ పని ముట్టుకోకూడదు.

ఒడిశా నుంచి కోలారు దాకా

డీసీ అంటే చిన్న కరెంటు అనుకునేవారికి ఒక్క మాట. 1902లో శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు కరెంటు తెచ్చినప్పుడు అది ఏసీ. ఆ రోజుల్లో డీసీని అంత దూరం పంపడం తేలిక కాదు. వందేళ్లు గడిచాక 2003లో అదే కోలారుకు ఒడిశాలోని తాల్చేరు నుంచి సుమారు 1,400 కిలోమీటర్ల లైను వేశారు. అది 500 కిలోవోల్టుల డీసీ! తెలుగు నేల మీదుగా ఒక సరిహద్దు నుంచి ఇంకో సరిహద్దుకు పోయే ఆ లైను 2,000 మెగావాట్లతో మొదలైంది. దక్షిణాది గ్రిడ్డు 2013 చివరి దాకా మిగతా దేశంతో ఏసీలో జతపడలేదు కాబట్టి అప్పట్లో ఇలాంటి డీసీ లంకెలే దిక్కు.

ఎక్కడ నేర్చుకోవాలి?

సోలార్ టెక్నీషియన్ల కోసం కేంద్రం 2015లో 'సూర్యమిత్ర' పేరుతో 600 గంటల, అంటే సుమారు మూడు నెలల శిక్షణను మొదలుపెట్టింది. పది పాసై ఐటీఐలో ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ వంటి ట్రేడు చేసినవారి కోసం ఉద్దేశించింది అది. ఐటీఐ లేనివారికి ఆ గుమ్మం ఎక్కడం కష్టం. గడ్డి కోసే ఆడవాళ్లలో, కాపలా కుర్రాళ్లలో చాలామంది అక్కడే ఆగిపోతారు. వాళ్లకు మిగిలింది పావగడ షెడ్డో, హిందూపురంలో తెలిసిన అన్న దుకాణమో.

షెడ్డులో అయినా 900 వోల్టుల పాఠాన్ని 15 వోల్టులతో నేర్పొచ్చు. పది టార్చి సెల్లులను చెక్క మీద వరసగా శ్రేణిలో కట్టాలి. మధ్యలో ఎక్కడో ఒక జోడింపు నుంచి సన్నటి తీగ లాగి మేకుకు చుట్టాలి. ఆ మేకే 'భూమి'. పైన గుడ్డ కప్పి, రెండు కొసలూ మేకూ మాత్రం బయట పెట్టి, మీటరు కుర్రాడికి ఇవ్వాలి.

'పాజిటివ్ నుంచి మేకుకు ఎంత?'

'నాలుగున్నర అన్నా.'

'నెగిటివ్ నుంచి?'

'పదిన్నర.'

'అయితే తీగ యాడుంది?'

కుర్రాడు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటాడు. ఒకటిన్నర, మూడు, నాలుగున్నర... 'మూడో సెల్లు దాటినాక అన్నా' అంటాడు. గుడ్డ తీస్తే మూడుకూ నాలుగుకూ మధ్య నుంచి సన్నటి తీగ బయటికి వచ్చి ఉంటుంది. మేస్త్రి మళ్లీ గుడ్డ కప్పి, అతను చూడకుండా తీగ చోటు మారుస్తాడు.